అండమాన్ దీవులు: సందర్శకులు తెలుసుకోవలసినవి

బంగాళాఖాతానికి తూర్పు అంచున, ఉత్తరం నుంచి దక్షిణానికి బారులు తీరిన దీవుల వరుస అండమాన్. దానికి దక్షిణాన, 10వ అక్షాంశం దగ్గరున్న వెడల్పాటి జలసంధికి అవతల నికోబార్ దీవులు ఉన్నాయి. రెండూ కలిసి 8,249 చదరపు కిలోమీటర్ల కేంద్రపాలిత ప్రాంతం. అందులో ఐదింట నాలుగు వంతులకు పైగా అడవే. వందల సంఖ్యలో ఉన్న దీవుల్లో జనం నివసించేవి నలభై లోపే. సందర్శకులు సాధారణంగా చూసేవి ఇంకా తక్కువ: రాజధాని పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, రాస్, బారాటాంగ్, ఓపిక ఉంటే ఉత్తరాన డిగ్లీపూర్.

పేర్ల విషయంలో కొత్తవారు కొంత తికమక పడతారు. 2018 డిసెంబరు 30న హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్‌గా, నీల్‌ను షహీద్ ద్వీప్‌గా, రాస్‌ను నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్‌గా మార్చారు. 1943లో అదే తేదీన నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ జెండా ఎగురవేశారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చారు. టికెట్ల మీద కొత్త పేర్లు కనిపిస్తాయి, ఆటోవాళ్ల నోట పాత పేర్లు వినిపిస్తాయి. రెండూ తెలిసి ఉండటం మేలు.

ఇక్కడి ప్రయాణాన్ని నడిపేవి సముద్రం, గాలి, వెలుతురు. గంటల లెక్కన బిగించి వేసుకున్న పథకం ఒక్క గాలివానతో తలకిందులవుతుంది. అండమాన్ వెళ్లేవారికి ఇవ్వదగిన సలహాల్లో చాలాభాగం ఈ ఒక్క సంగతి నుంచే పుడుతుంది.

పొద్దు, వాన

అండమాన్ దీవులు సుమారు 93 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నా, గడియారం మాత్రం 82.5 డిగ్రీల ఆధారంగా నడిచే భారత ప్రామాణిక కాలానిదే. అందువల్ల సూర్యుడు గడియారం కన్నా సుమారు 40 నిమిషాలు ముందుంటాడు. జూన్‌లో ఉదయం 5 గంటలకే తెల్లవారుతుంది. నవంబరులో సాయంత్రం 5 కాకుండానే పొద్దుగుంకుతుంది. హైదరాబాద్ అలవాటు ప్రకారం తొమ్మిదింటికి టిఫిన్ చేసి పదింటికి బయలుదేరేవారు సగం రోజు పోగొట్టుకున్నట్టే. ఉదయం 6 గంటలకు బీచ్‌లో ఉంటే ఎండ తీవ్రత ఉండదు, జనం ఉండరు, నీళ్లు తేటగా ఉంటాయి. సాయంత్రం సూర్యాస్తమయం చూడాలంటే 4 గంటలకల్లా అక్కడికి చేరుకోవాలి.

నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొదట తాకేది ఈ దీవులనే. కేరళలో జూన్ 1 ప్రాంతంలో మొదలయ్యే వాన ఇక్కడ మే మూడో వారానికే పడుతుంది. సెప్టెంబరు దాకా ఆ వానలు, ఆ తర్వాత డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు, అంటే హైదరాబాద్‌లో పడేదానికి మూడింతలకు పైనే. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో తుపానుల భయమూ ఉంటుంది. 2016 డిసెంబరులో వర్ధా తుపానుగా మారిన వాయుగుండం వల్ల హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు వెళ్లి వారిని తీసుకురావలసి వచ్చింది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం శాంతంగా, నీటి అడుగు స్పష్టంగా ఉంటాయి. అన్నిటికన్నా మంచివి ఫిబ్రవరి, మార్చి నెలలు. డిసెంబరు చివరి వారంలో గదులు దొరకవు, దొరికినా ధరలు మండిపోతుంటాయి. తెలుగు రాష్ట్రాల కుటుంబాలు బడి సెలవులను బట్టే ప్రయాణం పెట్టుకుంటాయి కాబట్టి ఒక మాట: వేసవి సెలవుల్లో వెళ్లేవారు మే మొదటి వారంలోపే తిరిగి వచ్చేలా చూసుకోవాలి. దసరా సెలవులు వాన రోజుల్లో పడతాయి. సంక్రాంతి సెలవులు చిన్నవే అయినా వాతావరణం దృష్ట్యా అవే నయం.

చేరుకోవడం

సముద్రమార్గంలో పోర్ట్ బ్లెయిర్‌కు చెన్నై నుంచి 1,190, కోల్‌కతా నుంచి 1,255, విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. వీర్ సావర్కర్ విమానాశ్రయంలో గవ్వ ఆకారపు కొత్త టెర్మినల్ 2023 జూలైలో ప్రారంభమైంది. రన్‌వే నౌకాదళానిది. విమానాలు ఎక్కువగా పగటి పూట, అందులోనూ మధ్యాహ్నం లోపే వచ్చిపోతాయి. తిరుగు ప్రయాణం రోజున ఇంకేదైనా చూద్దామనుకుంటే సాధారణంగా కుదరదు.

చెన్నై, కోల్‌కతాల నుంచి ప్రభుత్వ ప్రయాణికుల నౌకలు నెలకు కొన్ని తడవలు, విశాఖ నుంచి దాదాపు నెలకొకసారి బయలుదేరతాయి. ప్రయాణం రెండున్నర నుంచి మూడు రోజులు. కిందనున్న బంక్ తరగతి చవక, కేబిన్లు ఖరీదు. తేదీలు ముందుగా ఖరారు కావు, మారుతూ ఉంటాయి. అందువల్ల వారం సెలవు పెట్టి వచ్చే ఉద్యోగికి ఓడ పనికిరాదు. తీరిక ఉన్నవారికి మాత్రం, కనీసం ఒకవైపైనా ఓడలో వెళ్లమని చెప్పాలి. రెండు పగళ్లు నేల కనబడకుండా సాగాక దీవులు ఎంత దూరాన ఉన్నాయో ఒంటికి తెలుస్తుంది. ఈ దీవులను ‘కాలాపానీ’ అని ఎందుకు భయపడ్డారో కూడా అర్థమవుతుంది.

భారతీయులకు అండమాన్ దీవుల్లోని పర్యాటక ప్రాంతాలకు అనుమతి పత్రం అక్కరలేదు, గుర్తింపు కార్డు చాలు. నికోబార్‌కు, గిరిజన రక్షిత ప్రాంతాలకు పాస్ కావాలి. పర్యాటకులకు అది మామూలుగా ఇవ్వరు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారిని, పుట్టుక తెలుగునాటే అయినా, ఓసీఐ కార్డు ఉన్నా, ఇక్కడ విదేశీయులుగానే చూస్తారు. అమెరికా నుంచి సెలవులకు వచ్చి తల్లిదండ్రులను అండమాన్ తీసుకెళ్లే పిల్లలు ఈ సంగతి మరచిపోతుంటారు. టికెట్లు కొనకముందే అప్పటి నిబంధనలు చూసుకోవాలి.

దీవి నుంచి దీవికి

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు రెండు రకాల ఫెర్రీలున్నాయి. ఫీనిక్స్ బే జెట్టీ నుంచి వెళ్లే ప్రభుత్వ ఫెర్రీ చవక, రెండున్నర గంటలు పడుతుంది. పైడెక్కు మీద గాలికి నిలబడవచ్చు, పక్కన స్థానికులు కోళ్లతో, బియ్యం బస్తాలతో కూర్చుంటారు. మాక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ వంటి ప్రైవేటు ఫెర్రీలు గంటన్నర, రెండు గంటల్లో చేరుస్తాయి. వీటిలో చాలావరకు అద్దాల లోపల ఏసీలో కూర్చోవడమే. హావ్‌లాక్ నుంచి నీల్‌కు సుమారు గంట.

ప్రభుత్వ ఫెర్రీల్లో సీట్లు ముందు స్థానికులకు ఉపయోగపడాలి. వైద్యానికి, పరీక్షలకు పోర్ట్ బ్లెయిర్ వెళ్లేవారికి అదే బస్సు, అదే రైలు. డబ్బు ఇబ్బంది లేని పర్యాటకులు, రద్దీ రోజుల్లో, ప్రైవేటు ఫెర్రీ ఎంచుకోవడం న్యాయం.

ఓడ వికారం ఉన్నవారు మాత్రను ఎక్కేముందు, కనీసం అరగంట ముందుగా వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు. కింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలో ఊపు తక్కువ. ఫోను చూడకుండా దూరాన నీరు, ఆకాశం కలిసే గీతను చూస్తూ ఉంటే తల తిరగడం తగ్గుతుంది.

గాలి పెరిగితే హార్బరు అధికారులు ఫెర్రీలను ఆపేస్తారు, దానికి ఎవరితో వాదించీ లాభం లేదు. అందుకే దూరపు దీవులను ముందు పెట్టుకుని, విమానానికి ముందు రోజు రాత్రికి పోర్ట్ బ్లెయిర్ చేరిపోవాలి. ఐదు రాత్రుల ప్రయాణంలో నాలుగు దీవులు చుట్టిరమ్మనే ప్యాకేజీలు చాలా అమ్ముతుంటారు. వాటిలో సగం సమయం జెట్టీల దగ్గర వరుసల్లోనే గడుస్తుంది. రెండు దీవులు తీరిగ్గా చూడటమే నిజమైన ప్రయాణం.

పోర్ట్ బ్లెయిర్

చాలామంది దీన్ని రాత్రి పడుకోవడానికే వాడుకుంటారు, అది పెద్ద నష్టం. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఇక్కడ ఉంది. నడుమ గోపురం నుంచి ఏడు విభాగాలు చీలిపోయేవి, ఒక విభాగం ముఖం మరోదాని వీపును చూసేది. ఖైదీకి ఖైదీ కనపడకూడదని ఆ ఏర్పాటు. ఏడింటిలో మూడే మిగిలాయి. 1979లో దీన్ని జాతీయ స్మారకంగా అంకితం చేశారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి వంటి తెలుగు విప్లవకారులూ అండమాన్ జైలు చూసినవారే. సాయంత్రపు ధ్వని-కాంతి ప్రదర్శనకు మాత్రమే వెళ్లి వచ్చేస్తుంటారు. పగలు వెళ్లి, పై అంతస్తు కొట్లలో ఒకదానిలో కాసేపు నిలబడి, నూనె గానుగల చోటు చూసి రావాలి. రెండు గంటలైనా కేటాయించదగిన చోటు ఇది.

ఎదురుగా ఉన్న రాస్ దీవి ఒకప్పుడు బ్రిటిష్ పాలనా కేంద్రం. ఇప్పుడు శిథిలమైన చర్చి గోడలను మర్రి వేళ్లు పట్టుకుని ఉన్నాయి. 2021లో మౌంట్ మణిపూర్‌గా పేరు మారిన మౌంట్ హ్యారియట్ నుంచి కనిపించే తీరమే పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనుక ఉన్న బొమ్మ.

ఊళ్లో వాడుక భాష హిందీ. అయితే 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతంలోని 3,80,581 మందిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో ఎక్కువ. జంగ్లీఘాట్ చేపల రేవులో శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. ఆ రోజు ఏ చేప తాజాదో, సముద్రం ఎలా ఉందో వారిని అడిగితే చెబుతారు. ఆ మాటకు హోటల్ కౌంటరు దగ్గర దొరికే కరపత్రం సాటి రాదు.

హావ్‌లాక్, నీల్

హావ్‌లాక్‌లోని బీచ్‌లకు అంకెలే పేర్లు. 7వ నంబరు బీచ్ అయిన రాధానగర్ జెట్టీకి 12 కిలోమీటర్ల దూరంలో, పడమటి ఒడ్డున ఉంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో ఉత్తమ బీచ్‌గా పేర్కొన్నాక దాని పేరు మారుమోగింది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. సాయంత్రం జనంతో నిండిపోయే ఈ బీచ్ ఉదయం దాదాపు ఖాళీ. తూర్పు ఒడ్డున కాలాపత్థర్, విజయనగర్ బీచ్‌లు సూర్యోదయానికి బాగుంటాయి. అద్దెకు స్కూటర్లు దొరుకుతాయి. లైసెన్సు, హెల్మెట్ తప్పనిసరి, దారి వంపులు ఎక్కువ.

నీల్ చిన్నది, సైకిలు మీద ఒక్క రోజులో తిరిగిరావచ్చు. ఊళ్ల పేర్లు రామనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. దీవులకు కూరగాయలు పండించే నేల ఇది. ఇక్కడ ఏం చూస్తామన్నది పూర్తిగా ఆటుపోట్ల మీద ఆధారపడి ఉంటుంది. లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ రాతి వంతెన దాకా నడవాలంటే నీరు తీసి ఉండాలి. అప్పుడు రాళ్ల గుంటల్లో చిన్న చేపలు, సముద్రపు దోసకాయలు, పగడాలు కనిపిస్తాయి. పోటు మీద వెళితే ఆ దారే ఉండదు. భరత్‌పూర్‌లో దీనికి విరుద్ధం, ఈతకు పోటు కావాలి. రోజురోజుకూ పోటు వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యలకు పోటు మరింత ఎత్తుకు లేస్తుంది, ఆటు మరింత దిగుతుంది. నీటి వేళలను బస చేసినచోట అడిగి తెలుసుకుని ఆ రోజు పనులు నిర్ణయించుకోవాలి. రాతి వంతెనకు వెళ్లేవారికి గట్టి అడుగున్న చెప్పులు తప్పనిసరి. చచ్చిన పగడం కత్తిలా కోస్తుంది, ఆ గాయం త్వరగా మానదు.

నీళ్లలో దిగేముందు

స్కూబా డైవింగ్ ఇక్కడి పెద్ద ఆకర్షణ. శిక్షకుడి తోడుతో చేసే మొదటి డైవుకు ఈత రానక్కరలేదు. 10 మీటర్ల లోతున మన మీద ఒత్తిడి ఉపరితలంలో ఉన్నదానికి రెట్టింపవుతుంది. చెవుల్లో ఆ తేడా సర్దుకోవడానికి ముక్కు మూసి మెల్లగా ఊదుతూ దిగాలి. జలుబు ఉంటే గాలి సర్దుకోదు, కర్ణభేరి దెబ్బతినవచ్చు. కట్టిన డబ్బు పోయినా సరే ఆ రోజు మానుకోవాలి. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు దిగకూడదు. ముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నపత్రంలో నిజం రాయడం ప్రాణానికి సంబంధించిన విషయం. డైవు తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ విమానంలోని తక్కువ పీడనానికి బుడగలై కీళ్లను, నరాలను దెబ్బతీస్తుంది. ప్రయాణంలో డైవింగ్‌ను చివరి రోజుకు పెట్టవద్దనడానికి ఇదే కారణం.

ఉప్పునీటి మొసళ్లు ఇక్కడ నిజంగా ఉన్నాయి. మడ అడవుల వాగులే వాటి ఇల్లు, అక్కడి నుంచి సముద్రంలోకీ వస్తాయి. 2010లో రాధానగర్ పక్కనున్న నీల్స్ కోవ్ దగ్గర ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో మరణించారు. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, వాగు సముద్రంలో కలిసేచోట, పొద్దుగుంకాక నీళ్లలోకి దిగకూడదు. వండూర్ బీచ్‌లో ఈతకు వల కట్టిన భాగం ఉంది, దాన్ని దాటకూడదు.

అల ఒడ్డు నుంచి లోపలికి లాగుతుంటే దానికి ఎదురీదితే అలసట తప్ప ఫలం లేదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఇసుక ఈగలు సాయంత్రం కనబడకుండా కుడతాయి, దురద వారం పాటు వదలదు. కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటే కొంత రక్షణ.

పోర్ట్ బ్లెయిర్‌కు 29 కిలోమీటర్ల దూరంలోని వండూర్ నుంచి 1983లో ఏర్పాటైన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోకి పడవలు వెళతాయి. జాలీబాయ్ దీవి సంవత్సరంలో కొంతకాలం, రెడ్‌స్కిన్ మిగతా కాలం తెరిచి ఉంటాయి. పగడాలు కోలుకునే వ్యవధి ఇవ్వడం దీని ఉద్దేశం. ఒక్కసారి వాడే ప్లాస్టిక్‌ను లోపలికి రానివ్వరు. ఈ కట్టుదిట్టం అక్షరాలా పాటించదగినది. 2010 వేసవిలో సముద్రం వేడెక్కినప్పుడు అండమాన్ పగడాలు విస్తారంగా తెల్లబడి చచ్చాయి. కాళ్లు మోపడానికి పగడాన్ని మెట్టుగా వాడుకునే ఒక్క పర్యాటకుడు ఏళ్ల తరబడి పెరిగినదాన్ని క్షణంలో విరిచేస్తాడు.

బారాటాంగ్ దారి, జరావాలు

బారాటాంగ్‌లో మడ అడవుల మధ్య పడవ ప్రయాణం, సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం ఉన్నాయి. అక్కడికి వెళ్లే ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ తర్వాత జరావా అనే ఆదిమతెగ నివసించే రక్షిత అడవి గుండా సాగుతుంది. రోజుకు కొన్ని నిర్ణీత వేళల్లో మాత్రమే, పోలీసు కాపలాతో, వాహనాలను బారుగా వదులుతారు. మొదటి బారు ఉదయం 6 గంటలకు. దానికోసం వాహనాలు తెల్లవారుజామునే చేరతాయి.

జరావాలు 1997 దాకా బయటివారిని దగ్గరకు రానివ్వలేదు. ఆ తర్వాత రెండేళ్లకే వారిలో తట్టు వ్యాపించింది. బయటి రోగాలు ఈ దీవుల్లో ఏం చేశాయో చరిత్ర ముందే చూపించింది. 1858లో బ్రిటిష్ వారు శిక్షాస్థావరం పెట్టేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీ ఆదిమతెగలవారు 1961 జనాభా లెక్కల నాటికి 19 మంది మిగిలారు. 2002లో సుప్రీంకోర్టు ఈ దారిలోని భాగాలను మూసేయమని ఆదేశించింది, అయినా రాకపోకలు ఆగలేదు. 2012లో జరావా స్త్రీలచేత పర్యాటకుల ముందు నృత్యం చేయించిన వీడియో బయటపడి దేశం తలవంచుకుంది.

దారిలో వాహనం ఆపడం, ఫొటో తీయడం, తినుబండారాలు విసరడం 1956 నాటి ఆదిమతెగల రక్షణ నిబంధన ప్రకారం జైలుశిక్ష పడే నేరాలు. ‘జరావాలను చూపిస్తాం’ అని చెప్పే ఏజెంటును అక్కడే వదిలేయాలి. గుహలు బాగుంటాయన్నది నిజమే. అయినా వాటికోసం ఎంతోమంది రోజూ ఆ అడవి మధ్య నుంచి పోవడం సరైనది కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మరో ఆదిమతెగ నివసించే నార్త్ సెంటినెల్ దీవి చుట్టూ సముద్రంలోకి వెళ్లడం కూడా నిషిద్ధం. 2018లో చట్టం మీరి వెళ్లిన ఒక అమెరికన్ అక్కడ చనిపోయాడు.

చిల్లర విషయాలు

చెన్నై నుంచి సముద్రగర్భపు కేబుల్ 2020 ఆగస్టులో వచ్చాక ఫోను, ఇంటర్నెట్ చాలా మెరుగుపడ్డాయి. చిన్న దీవుల్లో ఇప్పటికీ సిగ్నల్ పోతుంటుంది, ఏటీఎంలు తక్కువ. చేతిలో కొంత నగదు ఉంచుకుని, ఫెర్రీ టికెట్లను, గుర్తింపు కార్డు నకళ్లను కాగితం మీద తీసుకెళ్లాలి. పెద్దాసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రే. హావ్‌లాక్, నీల్‌లలో ఉన్నవి ప్రాథమిక వైద్యానికే. రోజూ వేసుకునే మందులు రెట్టింపు రోజులకు సరిపడా పట్టుకెళ్లాలి, ఫెర్రీ ఆగితే అవే దిక్కు. దోమలకు మందు, టార్చి మరవకూడదు.

తాజా వంజరం, రొయ్యలు, పీతలు, కొబ్బరి బోండాలు సమృద్ధి. పప్పులు, ఉల్లిపాయలు, చాలా కూరగాయలు ఓడ మీద రావలసిందే కాబట్టి ధరలు ఎక్కువ. వేసవి చివర మంచినీటి ఎద్దడి ఉంటుంది. గదిలో నీళ్లు ఎప్పుడూ నిండుగా వస్తున్నా, ఊళ్లో కుళాయి రెండు మూడు రోజులకొకసారి వస్తూ ఉండవచ్చు. స్నానం బకెట్‌తో ముగించడం మర్యాద.

ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు సంచీలో వేసుకోవద్దు. పగడాలన్నీ, కొన్ని రకాల శంఖాలు, గవ్వలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, విమానాశ్రయంలో స్కానింగులో పట్టుకుంటారు. శంఖాలు, గవ్వలతో చేసిన వస్తువులు కొనాలంటే ప్రభుత్వ దుకాణమైన సాగరికలో రసీదుతో కొని, ఆ రసీదు విమానం ఎక్కేదాకా దగ్గర ఉంచుకోవాలి.